గంటతాడు సైగ

రండమ్మా, ఇలా దగ్గరికి జరగండి. గుమ్మంలో నిలబడిపోయావేం, నువ్వూ రా. చేతిలో ఫోను కాసేపు పక్కన పెట్టండి, అదెక్కడికీ పారిపోదు. నేను చెప్పబోయేది నిద్ర కథ. నిద్ర కథ అన్నాను కదా అని వింటూ వింటూ నిద్రపోకండి. అలా పోతే ఏమవుతుందో కథలోనే ఉంది.

కాకినాడ దాటాక, ఉప్పుగాలికి కిటికీ ఊచలన్నీ తుప్పు పట్టిపోయే చోట ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఉండేది. అందులో సూర్యకళ అనే పంతులమ్మ. మనిషి నిద్రలో ఉన్నప్పుడు మెదడు ఏం చేస్తుందన్నది ఆవిడ చదువు. ఆ కాలేజీ హాస్టల్లో పిల్లలకి మాత్రం నిద్రన్నది లేకుండా పోయింది. తెల్లారేదాకా ఫోన్లు, తెల్లారాక క్లాసులు, మధ్యలో కాఫీలు. కొందరు మందుబిళ్ళలకి అలవాటు పడ్డారు. ఒక కుర్రాడైతే ప్రయోగశాలలో నిలబడ్డవాడు నిలబడ్డట్టే కునికి, కాలే ఇనుము మీద చెయ్యి వేసేశాడు. ఆ కమురు వాసన సూర్యకళ ముక్కుకి అంటుకుపోయింది. బిళ్ళ మింగించకుండా పిల్లల్ని నిద్రపుచ్చాలని పంతం పట్టింది.

పట్టి, జోలపట్టీ చేసింది. మెత్తటి నూలుగుడ్డ, తలకి కట్టుకునేది. అందులో కందిగింజంత చప్పుడు బిళ్ళలు రెండు, చెవుల వెనక్కి వచ్చేలా కుట్టింది. నిద్రలో మెదడు అలలా లేచి పడుతుందట. అల లేవబోయే సమయం చూసి ఆ పట్టీ చిన్న చప్పుడు చేస్తుంది, పెంకుల మీద మొదటి చినుకు పడ్డట్టు. దాంతో అల ఇంకాస్త పెద్దదవుతుంది. ఉయ్యాల వెనక్కి వచ్చిన క్షణంలో తోస్తే ఎంత పైకి పోతుందో మీకు తెలుసుగా, అంతే సంగతి.

ఒక్క పట్టీయే కాదు, దానికి ముందు కొంత తంతు పెట్టింది. పొద్దుగూకగానే ఫోన్లన్నీ వార్డెను గదిలో బుట్టలో వేసేయాలి. గోరువెచ్చటి నీళ్ళతో కాళ్ళు కడుక్కోవాలి. దీపాలు తగ్గించాక ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చుని ఆ రోజు ఏం జరిగిందో, ఇంటి దగ్గర ఎవరు గుర్తొచ్చారో ఒకరికొకరు చెప్పుకోవాలి. దానికి పూట ముచ్చట అని పేరు. పడుకోబోయే ముందు నోటితో చెప్పుకున్నది పెద్ద అలలో కొట్టుకుపోకుండా నిలుస్తుందని ఆవిడ లెక్క.

ఆ లెక్క ఆవిడకి పుస్తకాల్లో దొరకలేదు. ఇంట్లో దొరికింది. కానీ ఆ మాట ఎవరికీ చెప్పలేదు. తనకి తాను కూడా చెప్పుకోలేదనుకోండి.

ఇంట్లో మామగారు, నూకరాజు గారని, బస్సు కండక్టరుగా చేసి దిగినాయన. బస్సు వెనకాల ఆయన అరిచే 'రైట్ రైట్' అవతలి వీధి దాకా వినిపించేదని ఊళ్ళో చెప్పుకునేవారు. గొంతులో పుండు లేస్తే ఆపరేషన్ చేసి మాటపెట్టె తీసేశారు. ఆ తరవాత ఆయన నోట అక్షరం రాలేదు. సూర్యకళ భర్త ఓడల మీద పని, ఏడాదికోసారి కనిపించే మనిషి. సూర్యకళ తన చదువులో తను. అందుకని వాళ్ళ చంటిపిల్ల తన్మయి తాత ఒళ్ళోనే పెరిగింది. మాటలు రాని పిల్ల, మాట పోయిన తాత. ఇద్దరూ కలిసి ఒక భాష చేసుకున్నారు.

అంతా బస్సు భాషే. రెండుసార్లు చరిస్తే రైట్, కానియ్యి, బావుంది. ఒక్కసారి చరిస్తే హోల్డాన్, ఆగు, వద్దు. అరచేతి మీద బొటనవేలు లాగితే టిక్కెట్టు చింపినట్టు, అంటే కథ మొదలు, కూర్చో. భుజాన లేని సంచీ ఆడిస్తే చిల్లర లేదు, అంటే ఇవాళ మనసు బాగాలేదు. గాలిలో చెయ్యెత్తి గంటతాడు లాగితే ఆ పిల్ల పేరు. పాకే వయసులో ఆయన భుజం మీది తువ్వాలు కొస పట్టుకుని లాగేది, అలా వచ్చిందా పేరు. అలాంటివి వందలు. తాతా మనవరాలూ వీధి అరుగు మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్ళ మీద చేతులతో వేళాకోళాలు చేసి, చప్పుడు లేకుండా కడుపు పట్టుకుని నవ్వేవారు. ఎవరిని చూసి నవ్వుతున్నారో తెలియక దారిన పోయేవాళ్ళు తమ చొక్కా గుండీలు చూసుకునేవారు.

రోజూ సందెవేళ పిల్ల ఆయన ముందు నిలబడి డ్యూటీ దిగేది. పొద్దున్న ఎక్కడ ఎక్కింది, దారిలో ఎవరు ఎక్కారు, ఎవరు దిగారు, ఎక్కడ టైరు పంచరైంది, అన్నీ చేతులతో చెప్పాలి. చెప్పాక ఆయన రెండుసార్లు మంచం కోడు చరిచేవారు. అప్పుడే నిద్ర. సూర్యకళ అటు వెళ్తూ ఇటు వస్తూ ఇదంతా చూసేది. ఆ పిల్ల ఏదీ మరిచిపోకపోవడం గమనించింది. ఆ భాష నేర్చుకుందామని మాత్రం తోచలేదు. ఆయనకి ఏం కావాలన్నా పిల్ల చెప్పేది కదా, ఇక నేర్చుకోవడం దేనికి?

తన్మయి పెద్దదై తల్లి పనిచేసే కాలేజీలోనే చేరింది. బస్సు ప్రయాణం దండగని హాస్టల్లో వేశారు. అక్కడ నిద్ర చెడింది, చదువు చెడింది, రెండు పేపర్లు పోయాయి. పంతులమ్మ కూతురు తప్పిందని స్టాఫ్ రూములో గుసగుసలు. సూర్యకళకి తల కొట్టేసినట్టయింది. వెళ్ళి పిల్ల నుదుటికి తన చేత్తోనే జోలపట్టీ కట్టింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ప్రిన్సిపాల్ గారు హాస్టల్ చూడ్డానికి వచ్చారు. పూట ముచ్చట దగ్గర ఒక జంట పకపకా నవ్వుతున్నారు. ఆయనకి నచ్చలేదు. ఆ సమయంలో కబుర్లేమిటి, పాఠాలు వల్లె వేయిస్తే అవే నిలుస్తాయి కదా అన్నారు. సూర్యకళ ఒకటి రెండు మాటలు అడ్డు చెప్పింది, గట్టిగా కాదు. పిల్లలు సూత్రాలు వల్లె వేసి పట్టీ కట్టుకుంటే మార్కులు ఎలా ఎగబాకుతాయో చూడాలని ఆవిడకీ లోపల ఉబలాటమే. ముచ్చట తీసేసింది. ఇల్లు, అమ్మ, ఊరు, ఇవేవీ పిల్లల నోటికి రాకుండా పోయాయి. నోటికి వచ్చేవి పాఠాలే.

ఎగబాకాయమ్మా మార్కులు. పిల్లలు పడుకున్నవాళ్ళు పడుకున్నట్టే తెల్లారి లేచేవారు. కళ్ళ కింద నలుపు పోయింది. లెక్క ఇస్తే టక్కున చెప్పేవారు. తన్మయి క్లాసులో మొదటికి వచ్చింది. ప్రయోగశాలలో సాయంగా ఉండే జోగారావు, మేడంగారండీ, ఇక మన కాలేజీ క్యాంటీన్లో కాఫీ అమ్ముడుపోదండి, కట్టేసుకోమనాలండి అని నవ్వించాడు. సూర్యకళ చాలా ఏళ్ళకి మనసారా నవ్వింది.

ఆ నవ్వు ఆరకముందే ఉప్పాడ నేతపని వాళ్ళమ్మాయి జ్యోతి వచ్చింది. సెలవుకి ఇంటికెళ్ళిందట. వాళ్ళమ్మ మగ్గం మీద తెగిన పోగు అతకమంటే చెయ్యి రాలేదట. ఊహ తెలిసినప్పటినించీ చేసిన పనే. పోగు వంక చూస్తూ నిలబడిపోయిందట. చెల్లెలు పక్కన చేరి, పట్నంలో చదివేవాళ్ళకి దారాలు కనపడవేమో అని వెక్కిరించిందట.

"మేడమ్, చెయ్యి మరిచిపోయిందా, నేను మరిచిపోయానా అన్నదే అర్థం కావట్లేదు మేడమ్. పట్టీ వల్లేనంటారా?"

సూర్యకళకి ఆ క్షణంలోనే అర్థమైంది. పెద్ద అల ఏం చేస్తుంది? ఒడ్డున గట్టిగా పాతిన గుంజల్ని వదిలేస్తుంది. ఇసుకలో వేలితో రాసినదాన్ని నున్నగా చేసేసి పోతుంది. వల్లె వేసినవి గుంజలు. వేయనివన్నీ ఇసుక. అర్థమయ్యి కూడా ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి, పరీక్షల అలసటమ్మా, నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుంది, ఎవరితోనూ అనకు, మిగతావాళ్ళు బెంగపడతారు అని పంపేసింది. ఇంకొద్ది రోజుల్లో చుట్టుపక్కల కాలేజీల వాళ్ళందరినీ పిలిచి పట్టీ చూపించబోతున్నారు మరి. అది కానిచ్చాక చూద్దామనుకుంది. జ్యోతి అలాగే మేడమ్ అని, నమ్మి, వెళ్ళిపోయింది.

ఆ సభకి ముందురోజు ఆదివారం. తన్మయి చాలా కాలానికి ఇంటికి వచ్చింది. నూకరాజు గారు పొద్దున్నే గడ్డం గీయించుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, అరుగు మీద కూర్చున్నారు. పిల్ల ఆటో దిగింది. ఆయన లేచి నిలబడి, చెయ్యి పైకెత్తి గంటతాడు లాగారు.

తన్మయి తలెత్తి వసారా కప్పు వైపు చూసింది. పైన ఏదైనా వేలాడుతోందేమోనని.

ఆయన నవ్వారు. పిల్ల ఆట పట్టిస్తోందనుకున్నారు. మళ్ళీ లాగారు. తన్మయి కూడా నవ్వింది, పెళ్ళిలో ఎదురైన దూరపు చుట్టాన్ని చూసి నవ్వినట్టు. తాతయ్యా బావున్నావా అని గట్టిగా అడిగింది. ఆయనకి పోయింది గొంతు కాని చెవులు కాదు, ఆ పిల్ల ఆయనతో ఎన్నడూ గట్టిగా మాట్లాడి ఎరగదు. ఆయన అరచేతి మీద బొటనవేలు లాగారు, కూర్చో అని. భుజాన లేని సంచీ ఆడించి చూపారు. స్తంభాన్ని రెండుసార్లు చరిచారు. ఒకటి తరవాత ఒకటి, తొందర తొందరగా, తాళంచెవుల గుత్తిలోంచి ఏదో ఒకటి పట్టకపోతుందా అన్నట్టు. తన్మయి ఆ చేతుల్నే చూస్తూ, చూస్తూ, వంటింటి వైపు తిరిగింది.

"అమ్మా, తాతయ్యకి ఏదో కావాలంట. కాస్త చూడవా?"

తాత అంటే ప్రేమ పోలేదు ఆ పిల్లకి. తాత అని తెలుసు, తనని పెంచాడని తెలుసు. ఆ చేతులు ఏమంటున్నాయో ఒక్కటే తెలియదు. హాస్టల్లో ఆ భాషని వల్లె వేసేదెవరు? ఆయన ఫోను చేసి మాట్లాడే మనిషా?

సూర్యకళ గరిటె పట్టుకునే వచ్చింది. ఆయన ఎత్తిన చెయ్యి ఇంకా దించలేదు. కోడలి మొహంలోకి చూశారు. అడుగుతున్నారని ఆవిడకి తెలుస్తూనే ఉంది, ఏమడుగుతున్నారో తెలుసుకునే చదువు మాత్రం లేదు.

"అలిసిపోయింది మామయ్యగారూ. చదువు ఎక్కువై అలా ఉంది, అంతే" అంది.

ఆయన ఆ మాట కూడా నమ్మారు. చదువుకున్న కోడలు కదా. రెండుసార్లు మెల్లిగా మోకాలు చరుచుకుని కూర్చున్నారు. ఆ రెండు చరుపులు సూర్యకళ చెంపల మీద పడ్డట్టే ఉన్నాయి. లోపలికి వచ్చి పొయ్యి దగ్గర నిలబడితే కూర మాడుతున్నది కూడా తెలియలేదు.

ఇంతా జరిగాక మర్నాడు సభలో నిజం చెప్పేసిందనుకుంటున్నారా? చెప్పలేదమ్మా. అక్కడికే వస్తున్నాను.

హాలు నిండిపోయింది. ముందు వరసలో నూకరాజు గారు, పక్కన తన్మయి. పట్టీ కథకి ఆ పిల్లే సాక్ష్యం కదా, వేదిక ఎక్కించి చిక్కు లెక్కలిచ్చారు. ఇచ్చింది ఇచ్చినట్టు చేసి, దిగి తాత పక్కకి వచ్చి కూర్చుంది. చప్పట్లు. తరవాత సూర్యకళ మైకు ముందుకి వచ్చింది. పిల్లలు ఎలా నిద్రపోతున్నారో, మందు చుక్క లేకుండా తెలివి ఎలా తేటపడుతోందో చెప్పింది. అన్నీ నిజాలే. అప్పుడు అమలాపురం వైపు నించి వచ్చిన ఒక పెద్దావిడ లేచి అడిగింది, "ఇంత మంచి జరుగుతుంటే పోయేదేమీ లేదా అమ్మా? పిల్లలు ఏదైనా మరిచిపోవడం, అలాంటిది?"

జ్యోతి వెనక వరసల్లో ఎక్కడో ఉందని సూర్యకళకి తెలుసు. అటు చూడకుండా ఉండటానికి మైకు కడ్డీ వైపు చూసింది.

"అలాంటిదేమీ మా దృష్టికి రాలేదండి" అంది.

హాలంతా మళ్ళీ చప్పట్లు. ఆ చప్పట్లలో నూకరాజు గారికి ఒళ్ళు పొంగిపోయింది. తన కోడలు, ఇంతమంది మెచ్చుకోలు. పాత కండక్టరు చెయ్యి ఊరుకుంటుందా, ముందున్న బల్లని బలంగా చరిచారు. ఠప్ ఠప్. రైట్ రైట్. మళ్ళీ చరిచారు. చప్పట్లు ఆగిపోయాయి, ఆయన ఆగలేదు. జనం తిరిగి చూస్తున్నారు. ఎవరో కుర్రాళ్ళు కిసుక్కుమన్నారు.

తన్మయి ముఖం ఎర్రబడింది. వంగి, ఆ ముసలి చేతి మీద తన చెయ్యి వేసి నొక్కి పట్టింది. అల్లరి చేసే పసివాడిని ఆపినట్టు. "ష్, తాతయ్యా, అందరూ చూస్తున్నారు" అంది.

ఆయన చెయ్యి ఆ పిల్ల చేతి కింద ఉండిపోయింది. ఆయన దాన్ని లాక్కోలేదు. ఆ చేతిని చూస్తూ ఉండిపోయారు.

గొంతు ఒకసారి డాక్టర్లు తీశారు. రెండోసారి తను తీసిందని సూర్యకళకి వేదిక మీద నిలబడ్డచోటే తెలిసింది. దిగిపోదామనుకుంది. దిగలేదు. మైకు దగ్గరికి వంగింది.

"ఇప్పుడు నేను చెప్పింది అబద్ధమండి. మరిచిపోతున్నారు. వెనకాల ఒక అమ్మాయి కూర్చుంది, నా దగ్గరికి వచ్చి చెప్పింది. ఎవరితోనూ అనొద్దని పంపేశాను. ఇక్కడ మా మామగారున్నారు. ఆయన ఇందాక బల్ల మీద అన్న మాట ఈ హాల్లో ఒక్కరికే అర్థం కావాలి. ఆ ఒక్క పిల్లకి అది లేకుండా చేశాను. అది నా కూతురే. పట్టీ కట్టింది నేను. పూట ముచ్చట తీసేసిందీ నేనే."

ప్రిన్సిపాల్ గారు మైకు ఆపించారు. ఆపాకా ఆవిడ నిలబడే ఉంది. ఎవరూ తిట్టలేదు. తిడితే బావుణ్ణనుకుంది. పిల్లల చూపులు ఒకటొకటిగా వచ్చి తగులుతుంటే తల ఎత్తలేకపోయింది.

ఆవిడ దగ్గరున్న ప్రయోగశాల తాళంచెవి జోగారావు చేత అడిగించి తీసుకున్నారు. ఆ అబ్బాయి కూడా ఆ రోజు ఏ హాస్యమూ ఆడలేదు. పట్టీలన్నీ బీరువాలో పెట్టేశారు. పెట్టేస్తే పోయినవి వస్తాయా? నున్నబడ్డ ఇసుకలో పాత రాత ఎక్కడ వెతుకుతాం?

సూర్యకళ ఉప్పాడ వెళ్ళింది. జ్యోతి వాళ్ళమ్మ మగ్గం మీంచి లేవకుండానే అంతా విన్నది.

"చెయ్యిదేముందండి, మళ్ళీ నేర్పుకుంటాం. మా పిల్ల వచ్చి చెబితే మీరు నమ్మలేదాండి? నమ్మీ ఊరుకున్నారాండి?"

"నమ్మీ ఊరుకున్నానండి."

ఆవిడ మగ్గం తొక్కుకుంటూ పోయింది. ఆ టకటకలు విన్నంతసేపూ సూర్యకళ అక్కడే నిలబడి, చెప్పులు చేత్తో పట్టుకుని బయటికి వచ్చింది.

ఇంటికొచ్చి మామగారి మంచం పక్కన నేల మీద కూర్చుంది. పెళ్ళై వచ్చినప్పటినించీ ఆయన ముందు అలా కూర్చున్నది లేదు. ఆయన గోడ వైపు తిరిగి ఉన్నారు. ఆవిడ ఏడవలేదు, దణ్ణం పెట్టలేదు. తనకి వచ్చిన ఒకటి రెండు మాటల్లో ఒకదానితో మంచం కోడుని ఒక్కసారి చరిచింది. హోల్డాన్. ఆగండి, నన్నెక్కించుకోండి అని అనుకోండి.

ఆయన చాలాసేపటికి తిరిగారు. కోడలి మొహం చూశారు. అరచేతి మీద బొటనవేలు లాగి, లేని టిక్కెట్టు ఒకటి చింపి ఆవిడ చేతిలో పెట్టారు. ఆవిడకి దాని అర్థం తెలియదు. తెలియక దాన్ని అలాగే గుప్పిట్లో పట్టుకుంది. గుమ్మంలో నిలబడి చూస్తున్న తన్మయి వచ్చి, తల్లి పక్కన కూర్చుని, తనూ చెయ్యి చాపింది. ఆయన రెండో టిక్కెట్టు చింపారు.

నేర్చుకున్నారమ్మా ఇద్దరూ. తల్లి మొద్దుగా, పిల్ల చురుగ్గా. సందెవేళ ఇద్దరూ ఆయన ముందు నిలబడి డ్యూటీ దిగేవారు. సూర్యకళ చేతులతో మొదట చెప్పే సంగతి ఎప్పుడూ ఆ హాలు సంగతే, అబద్ధమాడిన సంగతి. ఇక చాలు, అది బస్సు దాటిపోయిన స్టేజీ అని ఆయన ఒక్కసారి చరిచేవారు. ఆవిడ మానేది కాదు. చెప్పకపోతే తనకి అది నిద్రలో కొట్టుకుపోతుందేమోనని భయం.

నూకరాజు గారు ఇప్పటికీ చెయ్యెత్తి గంటతాడు లాగుతారు. తన్మయి ఇప్పుడు కప్పు వైపు చూడదు. ఆయన వైపే చూస్తుంది. కాకపోతే తిరిగేలోపు రెప్పపాటు ఆగుతుంది. అది నా పేరే కదూ అని లోపల సరిచూసుకుంటుంది. ముందు అలా ఆగేది కాదు. ఆ ఆగడం ఆయన చూస్తారు, చూసీ రెండుసార్లు చరుస్తారు. సూర్యకళ కూడా చూస్తుంది. ఆ రెప్పపాటు కాలం మాత్రం ఆవిడ తల వంచుకునే ఉంటుంది.

అదమ్మా కథ. మీరు పెద్ద చదువులు చదువుకోండి, కంటినిండా నిద్రపోండి, నేను వద్దనను. పడుకోబోయే ముందు ఇది ఒక్కరికి చెప్పండి. పక్కనున్న వాళ్ళకి చెప్పండి, ఎవరూ లేకపోతే గోడకైనా చెప్పండి. సూర్యకళని మంచిదనీ అనొద్దు, చెడ్డదనీ అనొద్దు. ఆ పిల్ల కప్పు వైపు చూసిందే, అది మాత్రం వదిలెయ్యకుండా చెప్పండి. నాకు చెప్పినావిడ కూడా నన్ను అదే అడిగింది.